ఉక్కు మనిషి తొడలో టైటానియం

డాక్టరుగారు ఎక్స్‌రే ఫిల్మును వెలుతురు పెట్టె మీద అంటించి, "తొడ ఎముక విరిగిందండీ. లోపల రాడ్డు వెయ్యాలి. స్టీలు వెయ్యమంటారా, టైటానియం వెయ్యమంటారా?" అన్నారు. హోటల్లో కాఫీయా టీయా అని అడిగినట్టే అడిగారు. నేను పళ్లు బిగబట్టుకుని మంచం మీద పడి ఉన్నాను. చెరకు చేను గట్టు మీద కాలు జారిన మనిషికి లోహశాస్త్రం చర్చించే ఓపిక ఎక్కడుంటుంది? మా పెద్దోడు ధరల కాగితం పైనుంచి కింద దాకా చూసి, "ఏది ఖరీదైతే అదే గట్టిది అయ్యుంటాది కదండీ" అని టైటానియానికి సంతకం పెట్టేశాడు.

నేను చెయ్యి ఎత్తేలోపే స్ట్రెచర్ కదిలిపోయింది.

నా బాధ మీకు అర్థం కావాలంటే నా సంగతి చెప్పాలి. 1966లో 'విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు' అని జనం రోడ్ల మీదికి వచ్చినప్పుడు నాకు ఎనిమిదేళ్లు. ఆ ఉద్యమంలో 32 మంది ప్రాణాలిచ్చారు. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ వచ్చి శంకుస్థాపన చేశారు. ఆ ఫ్యాక్టరీలో కడ్డీల మిల్లులో ముప్ఫై ఏళ్లు చెమటోడ్చి, రిటైరై, రావికమతం వచ్చి చెరకు వేసుకుంటున్నవాణ్ణి. అలాంటివాడి ఒంట్లో, అడక్కుండా, అరమీటరు దాకా పొడవున్న టైటానియం కడ్డీ దింపేశారు. అల్లుడి ఇంట్లో అత్తగారి పెత్తనంలా ఉంది నా తొడ పరిస్థితి.

ఇంటికి తెచ్చాక అరుగు మీద మంచం వేశారు. తొమ్మిదో తరగతి చదివే మా మనవరాలు పక్కన చేరి మొదటి రోజే అడిగింది: "తాతా, టైటానియం ఉక్కు కన్నా గట్టిదంట కదా?"

"గట్టి అంటే ఏటమ్మా?" అన్నాను.

"గట్టి అంటే... గట్టి."

అదీ చిక్కు. మన తెలుగులో గట్టి అనే ఒక్క మాట నాలుగు పనులు చేస్తుంది. బరువు మోస్తే గట్టి, వంగకపోతే గట్టి, గీత పడకపోతే గట్టి, కింద పడేసినా పగలకపోతే గట్టి. గాజు గ్లాసు మీద గోరుతో గీత పడదు, కానీ చెయ్యి జారితే ముక్కలు. కొబ్బరి తాడు బావిలోంచి నిండు బిందెని లాగుతుంది, కానీ నిలబెడితే నిలబడదు. ఈ రెండింటిలో ఏది గట్టిది? లోహాల్ని పోల్చేటప్పుడు కూడా ముందు ఏ గట్టిదనం అన్నది తేల్చుకోవాలి. టీవీ ప్రకటనల వాళ్లు ఆ పని చెయ్యరు. టైటానియం అన్న పేరు వినగానే అన్ని గట్టిదనాలూ దానికే కట్టబెట్టేస్తారు. ప్లాస్టిక్ కార్డుకి కూడా టైటానియం కార్డని పేరు పెట్టిన లోకం ఇది.

ముందు బరువు మోసే సంగతి చూద్దాం. మా పెరట్లో మేడ మెట్ల కోసం తెచ్చిన సిమెంటు బస్తాలున్నాయి. బస్తా 50 కిలోలు. దాన్నే కొలమానం చేశాను. ఒక చదరపు మిల్లీమీటరు మందం ఉన్న తీగ ఊహించుకోండి, అగ్గిపుల్ల కన్నా బాగా సన్నం. ఇళ్లకి వాడే ఎఫ్ఈ 500 రకం కడ్డీలోంచి అంత తీగ తీస్తే, సాగి పాడవకుండా ఒక బస్తా మోస్తుంది. ఆ 500 అన్న అంకెకి అర్థం అదే. కిటికీ గ్రిల్లుల మెత్త ఇనుమైతే అర బస్తా. నా తొడలోని రకం టైటానియం మిశ్రమం ఒకటిన్నర బస్తా పైచిలుకు. "చూశావా తాతా!" అని మనవరాలు ఎగిరింది. ఆగమ్మా అన్నాను. ఉక్కులో ఒక పెద్దన్న ఉన్నాడు, మారేజింగ్ స్టీలని. నికెలు, కోబాల్టు, మాలిబ్డినం కలిపిన జాతి. అదే తీగ ఆ ఉక్కుతో చేస్తే దాదాపు మూడున్నర బస్తాలు మోస్తుంది. అంటే వట్టి బలంలో టైటానియం ఉక్కును గెలవలేదు. మామూలు ఉక్కును గెలుస్తుంది, మేటి ఉక్కు చేతిలో ఓడుతుంది.

మరి ఎందుకంత గొప్ప? తూకం. నీటి బరువు ఒకటనుకుంటే ఉక్కు 7.85. టైటానియం మిశ్రమం 4.43. సగం కన్నా కాస్త ఎక్కువ. మూడున్నర బస్తాలు మోసే మారేజింగ్ ఉక్కు తన బరువు తాను కూడా అలాగే మోపుకుంటుంది. కిలో లోహానికి ఎంత బలం అని లెక్క కడితే ఇద్దరూ ఇంచుమించు సమానం. అక్కడ ఇళ్ల కడ్డీ పోటీలోనే లేదు, మూడో వంతుకి దిగిపోతుంది.

ఈ లెక్క వట్టి కాగితం లెక్క కాదని చెప్పడానికి శ్రీహరికోట చాలు. పీఎస్ఎల్వీ రాకెట్టు అడుగు అంచె, 2.8 మీటర్ల అడ్డకొలత ఉన్న గొట్టం, మారేజింగ్ ఉక్కుతో చేస్తారు. పై కొసన ఉండే నాలుగో అంచె ట్యాంకులు టైటానియంతో చేస్తారు. ఒకే రాకెట్టు, కింద ఉక్కు, పైన టైటానియం. ఎందుకలాగ? మనం రావికమతంలో చోడవరం బస్సెక్కామనుకోండి. వడ్డాదిలో దిగిపోయే మూట ఎంత బరువున్నా డ్రైవరుకి కాసేపే బాధ. చోడవరం దాకా వచ్చే మూట దారి పొడుగునా బాధే. అడుగు అంచె వడ్డాది మూట, రెండు నిమిషాల్లోపే కాలి విడిపోతుంది. నాలుగో అంచె ఉపగ్రహంతో పాటు కక్ష్య దాకా పోతుంది. అక్కడ ట్యాంకు కిలో తగ్గితే ఉపగ్రహానికి కిలో కలిసొస్తుంది. అందుకే ఖరీదెంతైనా అక్కడ టైటానియం. కింద అంత ఖర్చు దండగ. ఈ రెండు లోహాల్నీ తయారుచేసే మిధాని సంస్థ హైదరాబాదు కంచన్‌బాగ్‌లో ఉంది, 1973లో పెట్టారు. ఎముకలకి వేసే సామాను కూడా చేస్తుంది. ఒకే ప్రహరీలో ఇద్దరూ కాపురం చేస్తున్నారన్నమాట, మా ఇంట్లో నేనూ నా రాడ్డూ లాగ.

ఇక రెండో గట్టిదనం, వంగకపోవడం. దీన్ని బిరుసు అందాం. ఇది చాలామంది పట్టించుకోని సంగతి, నా కాలికి అసలు సంగతి. ఒకే కొలతలో ఒక ఉక్కు కడ్డీ, ఒక టైటానియం కడ్డీ తీసుకుని, ఒక కొస గోడలో బిగించి రెండో కొసకి సమానంగా బరువు కట్టి వేలాడదీస్తే, టైటానియం దాదాపు రెట్టింపు వంగుతుంది. ఉక్కు బిరుసు 200 గిగాపాస్కల్స్, టైటానియానిది 110కి కాస్త పైన. ఇంకో తమాషా ఉంది. ఉక్కుకీ టైటానియానికీ బిరుసుని బరువుతో భాగించండి. ఇద్దరికీ ఒకే అంకె వస్తుంది, 25 చిల్లర. అల్యూమినియానికి చేసినా దాదాపు అంతే. ముగ్గురికీ ప్రకృతి కూడబలుక్కుని రాసినట్టు. అందుకే సైకిలు చేసేవాడు టైటానియం వాడితే తేలికైన సైకిలొస్తుంది గాని, గొట్టం లావు చెయ్యకపోతే ఊగుతుంది.

"అయితే టైటానియం తక్కువదే కదా తాతా?"

చోటుని బట్టమ్మా. గట్టి ఎముక బిరుసు 20 గిగాపాస్కల్స్‌కి అటూ ఇటూగా ఉంటుంది. ఎముకని ఒకటనుకుంటే టైటానియం ఆరు, ఉక్కు పది. ఇప్పుడు కాడికి రెండెడ్లు కట్టారనుకోండి. ఒకటి మరీ దూకుడైతే లాగుడంతా అదే లాగుతుంది. రెండోది కాడి కింద మెడ పెట్టి ఊరికే నడుస్తుంది. నాలుగు నెలలు అలా నడిస్తే రెండో ఎద్దుకి కండ కరిగిపోతుంది. ఎముక అచ్చంగా ఎద్దే. మోసే బరువుని బట్టి పెరుగుతుంది, బరువు తప్పితే పలచబడుతుంది. యూలియస్ వుల్ఫ్ అనే జర్మన్ డాక్టరు ఈ సంగతి మీద 1892లో పెద్ద పుస్తకమే రాశాడు. అందుకని పక్కన కట్టే లోహం ఎముకకి కాస్త దగ్గరి స్వభావం గలదైతే మంచిది. టైటానియం తక్కువ బిరుసు ఇక్కడ గుణమైంది. నా తొడలో ఉన్నది కాస్త వంగే ఎద్దు, నా ఎముకని కూడా పని చెయ్యనిస్తోంది.

ఉక్కు పక్షాన ఒక్క మాట చెప్పకపోతే నాకు అన్నం సయించదు. తొడ ఎముక గుల్లలోకి కడ్డీ దించే వైద్యాన్ని 1939లో కీల్ ఊళ్లో గెర్‌హార్డ్ కున్ట్‌షెర్ మొదలుపెట్టినప్పుడు వాడింది స్టెయిన్‌లెస్ ఉక్కే. అప్పటినుంచి కోట్ల కాళ్లు ఉక్కు మీద నిలబడి నడిచాయి. ఇప్పటికీ నడుస్తున్నాయి. పైగా ఎప్పుడైనా మరలు తియ్యాల్సొస్తే ఉక్కు మర బుద్ధిగా తిరిగొస్తుంది. టైటానియం మర టైటానియం పలకని పట్టుకుని ఒక్కోసారి కరుచుకుపోతుంది, తల అరిగిపోతుంది గాని రాదు. ఎముకల డాక్టర్లని అడగండి, ఆ బాధ చెప్తారు.

కరుచుకోవడంలోనే దాని గొప్ప కూడా ఉంది. 1952లో స్వీడన్‌లో పర్-ఇంగ్వార్ బ్రోనెమార్క్ అనే ఆయన కుందేలు కాలి ఎముకలో టైటానియం గొట్టం పెట్టి రక్త ప్రసారం చూస్తున్నాడు. పని అయ్యాక గొట్టం తీసి మళ్లీ వాడుకుందామంటే అది రాలేదు, ఎముక దాన్ని తనదిగా చేసేసుకుంది. ఆ మొండితనం చూసి 1965లో మనిషి దవడలో టైటానియం మేకులు దించి పళ్లు బిగించాడు. ఇవాళ అనకాపల్లిలో కూడా పళ్ల డాక్టరు బోర్డు మీద ఇంప్లాంట్ అని ఉంటే, అది ఆ కుందేలు చలవే. ఎముకలకి వేసే స్టెయిన్‌లెస్‌లో పది శాతం పైన నికెలుంటుంది. గిల్టు గొలుసు వేసుకుంటే మెడ దురద పుట్టే మనుషులుంటారే, వాళ్లలో చాలామందికి పడనిది ఆ నికెలే. టైటానియానికి ఆ పేచీ లేదు.

నాలుగో రోజు మనవరాలు కొత్త ఆలోచనతో వచ్చింది. "అయితే చెరకు కత్తి టైటానియంతో చేయిస్తే? తేలిగ్గా ఉంటాది, తుప్పు పట్టదు."

దీనికి జవాబు మా ఊరి కొలిమిలో ఉంది. నా చిన్నప్పుడు తిత్తి ఊదడానికి పోయి కూర్చునేవాణ్ణి. మా కమ్మరి మావ చెరకు కత్తికి కొత్త ఇనుము కొనేవాడు కాదు. పాత లారీ కమాను పట్టా కోసి తెచ్చేవాడు. అందులో కర్బనం ఎక్కువ అన్న మాట ఆయనకి తెలీదు, నిప్పురవ్వలు చూసి కనిపెట్టేవాడు. సానరాయికి ఆనిస్తే మెత్త ఇనుము పొడుగాటి రవ్వలు విసురుతుంది. కమాను పట్టా రవ్వలు మతాబుల్లా చివర పూలు పూస్తాయి. ఆ పూలు కర్బనం కాలి పేలడం వల్ల వస్తాయి. పట్టాని ఎర్రగా కాల్చి, దాగలి మీద సమ్మెటతో సాగగొట్టి, అంచు మాత్రం నీళ్లలో ముంచేవాడు. చుయ్‌మని శబ్దం. ఆ క్షణంలో జరిగేది ఇదీ: వేడి మీద ఇనుప అణువుల మధ్య హాయిగా తిరుగుతున్న కర్బనం, చప్పున చల్లారేసరికి తప్పుకునే దారి లేక ఇరుక్కుపోతుంది. తలుపు సందులో చీల దిగేసినట్టు. అణువుల వరసలు ఇక జారలేవు. అదే పదును.

నూరు కిలోల ఉక్కులో కత్తికి కావలసిన కర్బనం ఏ ముప్పాతిక కిలోయో. కూరలో ఇంగువ లాంటిది. ఆ చిటికెడు బొగ్గు, ఒక బిందె నీళ్లు, ఇంతే సామాను. టైటానియానికి ఈ విద్య రాదు. గీత పడకపోవడమనే మూడో గట్టిదనం, కాఠిన్యం, దానికి రాక్‌వెల్ కొలతలో 36 దగ్గర ఆగిపోతుంది, మంచి పదును పెట్టిన ఉక్కు 60 దాటుతుంది. టైటానియం కత్తితో చెరకు నరికితే నాలుగు గెడలకే అంచు మొద్దుబారుతుంది.

ఈ ముంచుడే మా మిల్లులో యంత్రం మీద చేసేవాళ్లం. టీఎంటీ కడ్డీ అంటే ఏమిటో చాలామంది మేస్త్రీలకి కూడా తెలీదు. ఎర్రగా పరిగెత్తుకొచ్చే కడ్డీ నీటి గొట్టంలోంచి దూసుకుపోతుంది. పైచర్మం చల్లారి కత్తంచులా గట్టిపడుతుంది, లోపల నిప్పు అలాగే ఉంటుంది. బయటికొచ్చాక లోపలి వేడి పైకి పాకి, ఆ గట్టి చర్మాన్ని కొంచెం మెత్తబరుస్తుంది. పైన గట్టి, లోన సాగుడు. పనసకాయ గురించి చెప్పినట్టుంది గాని, భూకంపానికి ఇల్లు విరక్కుండా ఊగాలంటే ఆ సాగుడే కావాలి. పగలకపోవడమనే నాలుగో గట్టిదనం ఇదే. కడ్డీని అడ్డంగా కోసి నున్నగా తోమి ఆమ్లం రాస్తే ఆ చర్మం ఉంగరంలా కనపడుతుంది. మా మనవరాలికి చూపించాను. కిలో రెండంకెల రూపాయల్లో దొరికే వస్తువులో ఇంత పనితనం ఉంది. టైటానియం కడ్డీ కిలో వేలల్లో ఉంటుంది.

ఆ వేలు ఎందుకన్నది అసలైన కథ. అరుదైన లోహమా అంటే కాదు. భూమి పైపొరలో ఎక్కువగా ఉన్న మూలకాల వరసలో టైటానియానిది తొమ్మిదో స్థానం. మన వీధిలోంచి పోయే బీఎన్ రోడ్డు ఎక్కి చోడవరం, సబ్బవరం, పెందుర్తి దాటి కొసకి పోతే భీమిలి. ఆ బీఎన్‌లో బీ అంటే భీమునిపట్నమే. ఆ తీరంలో ఇసక మీద నల్లటి చారలుంటాయి, కెరటం వెనక్కి పోయాక కాటుక దిద్దినట్టు. అందులో ఇల్మనైటు ఉంటుంది. ఇల్మనైటు గింజ అంటే ఇనుము, టైటానియం, ఆక్సిజను కలిసిన ముద్ద. మేమిద్దరం, ఉక్కూ టైటానియమూ, ఒకే గింజలో కవలలం అన్నమాట. 1791లో ఇంగ్లండులో కార్న్‌వాల్ ప్రాంతపు పాదిరీ విలియం గ్రెగర్ టైటానియాన్ని కనిపెట్టింది కూడా ఇలాంటి నల్ల ఇసకలోనే. 1795లో క్లాప్రోత్ అనే జర్మన్ ఆయన గ్రీకు పురాణాల టైటాన్ల పేరు పెట్టాడు. పేరైతే పెట్టారు గాని, శుద్ధమైన లోహం చేతికి రావడానికి 1910 దాకా, వ్యాపారానికి పనికొచ్చే పద్ధతి దొరకడానికి 1940 దాకా పట్టింది. నూట యాభై ఏళ్లు!

ఇనుమైతే పిల్లాట. నిజానికి పిల్లాట కాదు, నా వెన్ను చెబుతుంది, అయినా టైటానియంతో పోలిస్తే అంతే. చెరకు రసం పెనంలో మరుగుతుంటే సున్నం వేస్తాం, మడ్డి పైకి తేలుతుంది, తీసి పారేస్తాం, కింద పాకం. మా ఫ్యాక్టరీలో బ్లాస్ట్ ఫర్నేసులు మూడూ, గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ, అదే పని చేస్తాయి. పైనుంచి బైలదిల్లా ఖనిజం, కోకు, సున్నపురాయి. కిందనుంచి నిప్పుగాలి. కోకు వల్ల పుట్టే వాయువు ఇనుము దగ్గరున్న ఆక్సిజన్ని లాక్కుపోతుంది, సున్నం మడ్డిని కట్టుకుపోతుంది. దానికన్నా చాలా ముందే, నిజామాబాదు దగ్గరి కోనసముద్రంలో మనవాళ్లు మట్టి మూసల్లో ఉక్కు వండి పర్షియా దాకా పంపేవారు. వుట్జ్ అని పాశ్చాత్యులు పిలిచిన మాట మన 'ఉక్కు' లోంచే వచ్చిందని పండితులంటారు.

టైటానియం దగ్గర ఈ పాచిక పారదు. అది ఆక్సిజన్ని వదలదు. ఇంకా వేడి పెంచితే బొగ్గునే పట్టుకుని కార్బైడుగా మారి కూర్చుంటుంది. అందుకని చుట్టు తిరగాలి. ముందు క్లోరిన్ వాయువుతో కలిపి టైటానియం టెట్రాక్లోరైడనే ద్రవం చేస్తారు. 136 డిగ్రీలకే మరిగే నీళ్ల లాంటి ద్రవం, గాలి తగిలితే తెల్లగా పొగలు కక్కుతుంది. దాన్ని మరిగించి, ఆవిరిని చల్లార్చి శుద్ధి చేసి, ఆర్గాన్ నింపి మూసిన పాత్రలో కరిగిన మెగ్నీషియం మీద పోస్తారు. మెగ్నీషియం క్లోరిన్ని లాక్కుంటుంది, టైటానియం బూడిద రంగు స్పాంజి ముద్దలా మిగులుతుంది. లక్సెంబర్గ్‌కి చెందిన విలియం క్రోల్ కనిపెట్టిన పద్ధతి ఇది. ఒక్క వాయికి రోజులు పడుతుంది. మన దేశంలో హైదరాబాదులోని రక్షణ లోహ పరిశోధనశాల డీఎమ్‌ఆర్‌ఎల్ వాళ్లు ఈ విద్య సాధించి ఇస్తే, కేరళలో చవర దగ్గర ఏడాదికి 500 టన్నుల స్పాంజి తీసే ప్లాంటు 2011లో మొదలైంది. ఇంతకీ ఆ మెగ్నీషియం పాత్ర ఏ లోహంతో చేస్తారనుకున్నారు? ఉక్కుతో! టైటానియం పుట్టేది ఉక్కు కడుపులో. ఈ మాట చెప్పినప్పుడు నేను మీసం దువ్వుకున్నానని మా ఆవిడ అంటుంది. నాకు మీసం లేదు.

స్పాంజి వచ్చినా పనవలేదు. కరిగించాలి. కరిగిన టైటానియం మట్టి మూసనైనా, కొలిమి ఇటుకనైనా తినేస్తుంది. వానాకాలం బెల్లం దిమ్మ ఎలా ఉంటుందో మీకు తెలుసు. గోనెసంచిలో ఎంత కట్టినా గాలిలో తేమని పీల్చి చెమరుస్తుంది. వేడెక్కిన టైటానియం సరిగ్గా అలాగే గాలిలో ఆక్సిజన్నీ నైట్రోజన్నీ పీల్చేసి పెళుసెక్కిపోతుంది. అందుకని గాలి తీసేసిన గదిలో, బయట నీళ్లు పారే రాగి మూసలో, కరెంటు మెరుపుతో కరిగిస్తారు, రెండేసి మూడేసి సార్లు. మన కొత్తకోట రోడ్డు మీద వెల్డింగు షాపులో కుర్రాడు ఇనుప గేటు పదినిమిషాల్లో అతికేస్తాడు. టైటానియం అతకాలంటే వెనకా ముందూ ఆర్గాన్ గాలి కప్పాలి. అతుకు వెండిలా మెరిస్తే పాసు. గడ్డి రంగు వచ్చినా ఫరవాలేదు. నీలం తిరిగిందంటే గాలి తగిలినట్టే, బూడిద రంగు పొడి రాలిందంటే కోసి పారెయ్యాలి. అందుకే ప్రపంచం ఏడాదికి ఉక్కు 190 కోట్ల టన్నులు వండుతుంటే, టైటానియం స్పాంజి మూడు లక్షల టన్నుల పైచిలుకు. ఖనిజంలో ఎక్కువ భాగం లోహం దాకా రానేరాదు, తెల్ల రంగు డబ్బాలోకి పోతుంది. మా అరుగు గోడ తెలుపు టైటానియం ఆక్సైడే.

అదే ఆక్సైడు లోహం మీద కంటికి కనపడని పొరగా కూడా ఉంటుంది. గీరితే క్షణంలో మళ్లీ కట్టుకుంటుంది, ఉప్పు నీరు దాన్ని ఏం చెయ్యలేదు. ఇనుము తుప్పు రేకులు రేకులుగా ఊడి లోపలికి దారిస్తుంది. విశాఖలో సముద్రానికి ఎదురుగా ఇల్లు కట్టుకున్నవాళ్ల కిటికీ గ్రిల్లులు చూడండి, మూడేళ్లకోసారి రంగు వెయ్యకపోతే చేతికి పొట్టు వస్తుంది.

సముద్రమంటే గుర్తొచ్చింది. రామకృష్ణా బీచిలో ఒడ్డుకెక్కించి పెట్టిన కుర్సురా జలాంతర్గామి చాలామంది చూసే ఉంటారు. 1969లో నౌకాదళంలో చేరి, 2002 నుంచి మ్యూజియంగా ఉంది. దాని ఒళ్లు ఉక్కు. ఆ జాతి పడవలు మూడు వందల మీటర్ల లోతు లోపే తిరుగుతాయి. ఇప్పుడు చెన్నైలోని సముద్ర సాంకేతిక సంస్థ ఎన్ఐఓటీ వాళ్లు ముగ్గురు మనుషుల్ని ఆరు వేల మీటర్ల లోతుకి దించడానికి మత్స్య 6000 అనే చిన్న జలాంతర వాహనం తలపెట్టారు. మనుషులు కూర్చునేది 2.1 మీటర్ల గోళంలో. అంత లోతులో బొటనవేలి గోరంత మేర మీద ఆరు వందల కిలోలు పడతాయి, పన్నెండు సిమెంటు బస్తాలు! ముందు 2021 అక్టోబరులో మామూలు ఉక్కు గోళం చేసి బంగాళాఖాతంలో 600 మీటర్లు దించి చూశారు. అసలు లోతుకి మాత్రం 80 మిల్లీమీటర్ల మందం టైటానియం మిశ్రమం ఎంచుకున్నారు.

ఎందుకో మేమిద్దరం పలక మీద లెక్క కట్టాం. బయటి కొలత 2.1 మీటర్లనుకుంటే ఆ గోళం తోసే సముద్రపు నీరు దాదాపు ఐదు టన్నులు. గోళం గోడలో ఉన్న లోహం ఒక ఘనమీటరు. అది టైటానియమైతే నాలుగున్నర టన్నులు, అంటే ఖాళీ గోళం నీటి మీద తేలుతుంది. అదే మందంలో ఉక్కైతే ఎనిమిది టన్నులు, మూడు టన్నులు ఎక్కువై రాయిలా దిగిపోతుంది. దాన్ని మళ్లీ పైకి తేవాలంటే ఎంత తేలుడు సామాను కట్టాలో! మనవరాలు లెక్క రెండుసార్లు సరిచూసి, "ఇక్కడ మీరు ఓడిపోయారు తాతా" అంది. ఒప్పుకున్నాను. దాని ముందు ఓడిపోవడం నాకు కొత్తేం కాదు.

ఇప్పుడు చేతికర్రతో నడుస్తున్నాను. నిన్న ఆ పిల్ల ఇంకో ప్రశ్న వేసింది. "తాతా, ఈ రాడ్డు ఎప్పటికీ ఉండిపోతాదా?"

"నేను పోయినా ఉంటాది," అన్నాను. "చితిలో వేడి వెయ్యి డిగ్రీలకి అటూ ఇటూ. టైటానియం కరగాలంటే 1668 కావాలి. ఉక్కు రాడ్డుకైనా 1400 దగ్గర. ఏదేసినా కరిగేది కాదు. బూడిదలో ఎముకలేరేటప్పుడు మీకు దొరుకుతుంది, పైన మసక పొర కట్టుంటుంది. దాన్ని శారదా నదిలో కలిపెయ్యకండి. ముందు మీ నాన్న చేత తూకం వేయించు, తర్వాత నీళ్లలో ముంచి తూయించు, 4.43 వస్తుందో లేదో..."

"ఓలమ్మో, ఏటా మాటలు పిల్ల ముందర!" అని మా ఆవిడ లోపల్నుంచి గరిట పట్టుకుని వచ్చింది. మనవరాలు మాత్రం నోటుపుస్తకం తెరిచి, నీళ్లలో ముంచి ఎలా తూస్తారో ముందు చెప్పమంది.